నిండుగా తిరిగొచ్చిన డబ్బా

మా వాననీళ్ల తొట్టి కారుతోందని మొదట కనిపెట్టింది మేకలు. కొండవాలున తొట్టి కింది గోడ దగ్గర, ఆగస్టు ఎండలో, రాయి నాకుతూ నిలబడ్డాయి. వెళ్లి చూస్తే కాంక్రీటులో సన్నటి పగులు, దాని కింద తడి. ఆ క్షణం నుంచి నాకు కుదురు లేదు. మా దీవికి నీళ్లు తెచ్చే ఓడ రేవుదాకా వస్తుంది గానీ కొండెక్కదు కదా. వాన అంటారా, సెప్టెంబరులో చిన్న మరియమ్మ పండగ దాటాకే. అప్పటిదాకా మేమూ, మేకలూ, మంచాన ఉన్న మా అత్తగారూ బతకాల్సింది ఆ తొట్టిలో నీళ్లతోనే.

"ఊరికే గుండెలు బాదుకోకు వింకా. రేపు పొద్దున్నే పూడ్చేస్తా," అన్నాడు మా ఆయన జేరె.

అదంత తేలిక కాదని అతనికీ తెలుసు. కారే పగులు మీద సిమెంటు పూస్తే నిలవదు. ముందు ఉలితో పగులును వెడల్పు చేసి, సిమెంటుకి పట్టు దొరికేలా తొలవాలి. అంటే సన్నగా కారేదాన్ని మనమే ధార చెయ్యాలి. అప్పుడు క్షణాల్లో బిగిసే సిమెంటును ముద్ద చేసి, గాడిలో కూరి, గట్టిపడేదాకా అరచేత్తో అదిమి పట్టుకోవాలి. ఒక్క వస్తువు మరిచినా పరుగెత్తి తెచ్చుకునే వ్యవధి ఉండదు. అందుకే పొద్దున్నే గోనెపట్టా పరిచి అన్నీ చేతికందేలా పెట్టాను. ఉలి, సుత్తి, గాడి తోమే తీగల బ్రష్షు, రబ్బరు తొడుగులు, కలిపే గిన్నె, ఆయన కళ్లద్దాలు. పెట్టినవే మళ్లీ సర్దాను.

"మన పెళ్లికి కూడా నువ్వింత సర్దలేదే," అని నవ్వాడు.

"పెళ్లి చెడితే ఇంకోటి చేసుకునేదాన్ని. ఈ నీళ్లు పోతే ఏం చేస్తాను?"

చివరికి ఆ క్షణాల్లో బిగిసే సిమెంటు డబ్బా ఎత్తాను. బరువుగా ఉంది. పక్కింటి పెరీన పిన్ని ఈ నెలలోనే, సెయింట్ రోకో పండగ ముందు అడిగి తీసుకెళ్లినప్పుడు అందులో సగమే ఉంది. ఇప్పుడు మూతదాకా ఉంది.

"ఇదేంటి జేరె, ఇచ్చినదానికంటే ఎక్కువొచ్చింది?"

"మన దగ్గర ఖాళీ గిన్నె ఎవరు తిరిగిస్తారు? నువ్వు ఆవిడ గిన్నెలో అంజీరపళ్లు వేసి పంపవూ?"

"అంజీరపళ్లు చెట్టుకి కాస్తాయి. ఇది ఎక్కడ కాసింది?"

"నీ అనుమానానికి మందు లేదు," అని ఉలి తీసుకున్నాడు.

నేను వినలేదు. చిటికెడు తీసుకుని వంటింట్లోకి వెళ్లి నీళ్లు కలిపాను. అసలు సరుకైతే అరచేతిలో వెచ్చబడి, పరలోక ప్రార్థన పూర్తయ్యేలోపు బిగుసుకోవాలి. మా మామగారు నేర్పిన లెక్క అది. ప్రార్థన చెప్పాను. మెత్తగానే ఉంది. కంగారులో గబగబా చెప్పేశానేమోనని మళ్లీ నింపాదిగా మొదలుపెట్టాను. సగంలో ఉండగా బయట సుత్తి దెబ్బ వినిపించింది.

"కొట్టకు, జేరె, కొట్టకు," అంటూ పరుగెత్తాను. నేను చేరేసరికి పెచ్చు ఊడింది. బొటనవేలంత లావున నీళ్లు అతని ఛాతీ మీదికి చిమ్మాయి.

"ముద్ద ఏదే?"

"అది మామూలు సిమెంటు. బిగియట్లేదు."

జేరె అరచెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారి, మా సెప్టెంబరంతా రాళ్లలోకి ఇంకిపోతోంది. "నేలమాళిగలో పడవ బెజ్జానికి కొట్టే చెక్క బిరడా ఉంది, నార చుట్టి పట్రా," అన్నాడు. ఎలా వెళ్లానో, ఎలా తెచ్చానో నాకే తెలియదు. ఏడుపొచ్చింది, అంతకంటే కోపమొచ్చింది. దారిలోనే గోడ మీంచి కేకేశాను. "పెరీనా పిన్నీ, ఏం పోశావు నా డబ్బాలో?"

ఆవిడ అప్పటికే మా పెరట్లోకి వస్తోంది, చేతిలో బాల్చీతో. తిన్నగా వచ్చి ధార కింద బాల్చీ పెట్టింది. అది పావు నిండకముందే మోకాళ్ల మీద కూలబడి దోసిళ్లతో తాగింది. ఆదివారం చర్చిలో పూజకి బట్టల మడత నలగకుండా వచ్చే మనిషి, గడ్డం మీంచి నీళ్లు కారుతుండగా, మా మేకల మధ్య తాగుతోంది.

"పిన్నీ, నీ తొట్టి?"

"పగిలి, పండగనాటికే ఎండింది. నీ సిమెంటంతా కూరాను. ఆగలేదు. ఖాళీ డబ్బా ఎలా పంపను? ఇంట్లో ఉన్న మామూలు సిమెంటు పోశాను."

రోజూ తెల్లారగానే బిందెతో రేవుకి దిగుతుంటే చేపలు తెచ్చుకోవడానికనుకున్నాం. అంత ఎత్తు మోసుకొచ్చి, ఆ నీళ్లే చూసి చూసి తాగిందన్నమాట.

"నీళ్లు అడగొచ్చుగా?"

"సిమెంటు అడిగాను కదమ్మా. ఎన్నని అడుగుతాను?"

జేరె నా చేతిలోంచి బిరడా లాక్కుని బెజ్జంలో మొన ఆనించి, సుత్తి ఎత్తాడు. తొట్టిలో ఎంత మిగిలిందో తెలియదు, వాన ఎప్పుడో తెలియదు.

"ఆగు," అన్నాను. "పిన్ని బాల్చీ నిండనీ."