ఎమిల్ చేలో కండెల కోత

ఎమిల్ ఎన్నికల పోటీ నుంచి తప్పుకున్నాడట అని పక్కింటి కాస్పర్ ఆవిడ మా ఆవిడ చెవిన వేసింది. గుడ్లు అమ్మడానికి బజారుకెళ్తే అక్కడెవరో అన్నారట. తప్పుకోలేదు, తప్పించబోయారు. ఒక పొద్దున పాలు పితుకుతుంటే ఇద్దరు ముసుగు మనుషులు పాకలోకి దూరి, ఇనప గొట్టంతో అతని రెండు చేతులూ విరగ్గొట్టారు. ఒకడు నోరు నొక్కబోతే ఎమిల్ వాడి బొటనవేలి కింద కండ కొరికి పట్టాడు. ముందు పళ్లు రెండు ఊడినా వదల్లేదు.

పందొమ్మిది వందల యాభయ్యో సంవత్సరం అది. మా నెబ్రాస్కా నుంచి అమెరికా కాంగ్రెసులో ఉన్న ముసలి సభ్యుడు ఇక చాలనుకోవడంతో సీటు ఖాళీ అయింది. మా అందరి ధాన్యం కొనే గోదాముల వాళ్లు తమ వకీలును పోటీకి దింపారు. వాళ్ల కాటా దొంగదని ఊరూరా చెప్పి ఎమిల్ ఎదురు నిలబడ్డాడు.

మా దగ్గర మనిషి మంచాన పడితే మొక్కజొన్న కండెలు చేలో నిలవకూడదు. ఎవరిది ఏ పార్టీ అయినా ట్రాక్టరు తోలుకుని రావలసిందే. రానివాడిని అందరూ అనుమానిస్తారు. అందుకే నాలుగు రోజుల తర్వాత ఎమిల్ చేలో కోతకు గోదాము లారీ తోలే ఆర్విల్ కూడా వచ్చాడు.

మధ్యాహ్నం భోజనానికి ముందు పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాం. ఆర్విల్ చేతి తొడుగులు తీయలేదు.

"ఏరా, తొడుగులతోనే తింటావా? పెళ్లికొడుకువా ఏంటి?" అన్నాడు ఎమిల్ తమ్ముడు లాడిక్.

"చలిగా ఉందిలేరా."

"ఇందాకటి దాకా చెమట తుడుచుకున్నావుగా!"

లాడిక్ తొడుగు పట్టుకుని లాగేశాడు. బొటనవేలి కింద పళ్ల గాట్లు, చీము పట్టి.

లాడిక్ వాడి జుట్టు పట్టుకుని ముఖాన్ని పంపుకేసి బాదాడు. ముక్కు చితికింది. ఆర్విల్ ఎదురు తిరిగి పొట్టలో తన్నాడు. ఇద్దరూ బురదలో పొర్లారు. చివరికి లాడిక్ ఆ కొరికిన చేతినే అరుగు మీదికి లాగి బూటు మడమతో తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. రెండో చెయ్యి కూడా లాగుతుంటే నలుగురం కలిసి విడదీశాం.

ఎమిల్ భార్య లిబ్బీ గరిటె పట్టుకుని మెట్ల మీద నిలబడి అంతా చూసింది.

కోతకొచ్చిన వాళ్లలో పెద్దవాడు, ముసలి వోపాట్ టోపీ తీశాడు. "చూశావుగా అమ్మాయ్, ఊరంతా మీ వెంటే ఉంది. ఇంక ఆ ఎన్నికలెందుకు? ఎమిల్‌ని తప్పుకోమను."

"కండెలు కోయడానికి వెంట ఉన్నారు, సరే. మంగళవారం ఎన్నికల్లో ఆయనకు ఓటేసేవాళ్లు ఎవరో చెయ్యెత్తండి. ఆయనైతే ఎత్తలేడు," అంది లిబ్బీ.

ఒక్క చెయ్యీ లేవలేదు.