దుప్పటి కింద చూసిన సినిమా

హాలోవీన్‌కి మూడు వారాల ముందు వేసుకున్న పందెం అది. కెనడాలోని మిల్టన్‌లో ప్రభుదాస్ గారి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే ముగ్గురూ తలా ఒక సినిమా చెప్పాలి. చిన్నప్పుడు తమని హడలగొట్టిన రాకాసి సినిమా అయి ఉండాలి. అది చూస్తూ మిగతా ఇద్దరిలో ఒక్కడు కేక పెట్టినా, కాళ్లు సోఫా మీదికి లాక్కున్నా సినిమా పాస్. ఎవరి సినిమా ఫెయిలైతే వాడు ఏప్రిల్ దాకా ఇంటి ముందు మంచు ఒక్కడే ఎత్తిపోయాలి. అందరివీ పాసైతే మామూలుగా వంతులు. మంచు తీసే పని కింద ఉండేవాళ్లదేనని అద్దెకు దిగిన రోజునే ఇంటావిడ జయమణి ఆంటీ చెప్పేశారు. రెండు కార్లు పట్టే డ్రైవ్‌వే. ఆషామాషీ పందెం కాదు.

ముగ్గురివీ మూడు షిఫ్టులు, మూడు రకాల క్లాసులు. అందరూ ఒక్కచోట దొరికేది శనివారం పొద్దున పదింటికే. ఉప్మా తినే వేళకి రాకాసి సినిమా ఏమిటని మధుసూదన్ గొణిగాడు గానీ, చీకటికేం కొదవ? బేస్‌మెంట్‌కి ఉన్నది ఒకే ఒక్క కిటికీ. దానికి ఖాళీ బియ్యం సంచి అడ్డం కడితే పట్టపగలు కూడా అమావాస్యే.

మొదటి శనివారం తనీష్ చెప్పిన సినిమాకి మధుసూదన్ కాళ్లు పైకి లాక్కున్నాడు. రెండో శనివారం మధుసూదన్ సినిమాకి తనీష్ కెవ్వుమన్నాడు, చేతిలోని చెగోడీల గిన్నె ఎగిరి కార్పెట్ మీద పడింది. ఇక మిగిలింది కోదండరామ్.

అతనికి దిగులేమీ లేదు. "నాది 'ఊబి రాకాసి'. సత్తుపల్లిలో మా కేబులాయన ఆదివారం మధ్యాహ్నం వేసేవాడు. దానికి పాదాలుండవు. అందుకని చెప్పులంటే ఆశ. రోజుకో గుమ్మంలో ఎడమకాలి చెప్పు ఒక్కటే ఎత్తుకుపోతది. తెల్లారి చూసుకుంటే ఎవరి కుడి చెప్పు ఒంటరిగా ఉందో, ఆ రాత్రికి వాళ్ల వంతు. నెల రోజులు నేను చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నా."

"తలకిందనా?" అన్నాడు తనీష్. దిల్‌సుఖ్‌నగర్ వాడు, ఏదీ వదలడు. "గా వాసనకి రాకాసి ఊరిడిచి పోయుంటది మామా."

మూడో శనివారం వచ్చింది. యూట్యూబ్‌లో వెతగ్గా వెతగ్గా సినిమా దొరికింది. కిటికీకి సంచి కట్టారు, లైట్లు ఆర్పారు. పావుగంటకి ఊబి బుడగలు కక్కింది. అందులోంచి రాకాసి లేచింది. గోనెసంచులు కట్టుకుని, బురద పూసుకున్న ఒక బక్కపలచటి మనిషి. చెయ్యి పైకెత్తితే గోనె కిందికి జారింది. మణికట్టుకి గడియారం.

"అరే, దీనికి వాచ్ ఉంది భయ్!" తనీష్ సోఫా చేతిని చరిచాడు. "షిఫ్ట్ అయిపోయిందా అని చూస్కుంటుంది!"

"ఓవర్‌టైమ్ ఏమో లేరా, పాపం" అన్నాడు మధుసూదన్. తెనాలి మనిషి, జాలి పడుతున్నట్టే ఉంటుంది, చురక అంటుకుంటుంది. "కోదండం, మన మంచెత్తే షవెల్ పిడి వదులైంది. కొత్తది తెచ్చుకో నాయనా, చేతులు బొబ్బలెక్కుతాయి."

కోదండరామ్‌కి నవ్వు రాలేదు. తెర మీద రాకాసి హీరోయిన్ వెంట చెట్ల చుట్టూ తిరుగుతోంది. చెప్పులేవి? గుమ్మాలేవి? ఇది ఆ సినిమా కాదేమో! ఫోను చాటుగా పట్టుకుని సుగుణక్కకి మెసేజ్ పెట్టాడు. అక్క అతనికంటే ఎనిమిదేళ్లు పెద్దది. సత్తుపల్లిలో అప్పటికి రాత్రి ఎనిమిది కావస్తోంది.

"అక్కా, ఊబి రాకాసిలో చెప్పుల సీను ఎప్పుడొస్తది?"

వెంటనే వచ్చింది జవాబు. "సినిమాలో చెప్పులెక్కడివిరా? అవి నేను చెప్పినవి. అసలు నువ్వెప్పుడైనా దుప్పటి తీసి చూశావా?"

కోదండరామ్‌కి గళ్ల దుప్పటి గుర్తొచ్చింది. దాని నాఫ్తలీన్ ఉండల వాసన గుర్తొచ్చింది. బుడగల చప్పుడు మొదలవగానే తాను ముసుగు తన్నడం, లోపలినుంచి "ఇప్పుడేం చేస్తుందక్కా?" అని అడగడం, అక్క చెవి దగ్గర గుసగుసగా చెప్పడం. ఆ సినిమాని అతనెన్నడూ చూడనే లేదు!

"మరెందుకు చెప్పావక్కా అట్లా?"

"సినిమా బాగోలేదుగా. నాకూ పొద్దుపోవాలి."

ఏప్రిల్ దాకా కురవబోయే మంచంతా కళ్లముందు కుప్పపడింది. పందెం సంగతి గబగబా రాశాడు. కాసేపటికి అక్క అడిగింది: "మీ గది ఎట్లా ఉంటదో చెప్పు. దేన్నీ వదలకు."

చెప్పమంటే ఉన్నదున్నట్టు చెప్పడం కోదండరామ్‌కి అలవాటు. మెట్ల కింద వరసగా బూట్లు. తన మంచం పక్కన సన్న తలుపు, దాని వెనక ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఫర్నేస్. అది ఆగాక సరిగ్గా పద్దెనిమిది నిమిషాలకి ముందు టక్కుమంటుంది, తర్వాత గుప్పుమని అంటుకుంటుంది. రెండు నెలలుగా దాని పక్కన నిద్రపోతున్నవాడికి ఆ లెక్క కంఠతా వచ్చు. ఇప్పుడే ఆగిందని కూడా రాశాడు.

తర్వాత అక్కకి ఫోను కలిపి గొంతు సవరించుకున్నాడు. "నేను ఈ సినిమా కళ్లు మూసుకుని చూశాను. పక్కన మా అక్క చెప్పింది. అట్లా చూస్తేనే నేను చెప్పిన సినిమా అవుద్ది. మీరూ అట్లాగే చూడాలె."

"అక్కనే కాదు, ఖాందాన్ మొత్తం పిలువు" అన్నాడు తనీష్. ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. టీవీలో ఊబి బుడబుడలాడుతోంది. ఫోను స్పీకర్‌లోంచి సుగుణక్క గొంతు వచ్చింది, తీరిగ్గా, పిల్లలకి పాఠం చెబుతున్నట్టు.

"తమ్ముళ్లూ, అన్నం తిన్నారా? సరే. మెట్ల కింద మీ బూట్లున్నాయిగా. సినిమాకి ముందు లెక్కపెట్టుకున్నారా?"

ముగ్గురి తలలూ మెట్ల వైపు తిరిగాయి.

"దానికి పాదాలుండవు కాబట్టి నడక వినపడదు. ఈడ్చుకుంటూ వస్తది. చలిదేశంలో ఊబి గడ్డకడితే అదెక్కడుంటది? వెచ్చగా ఉన్నచోట. ఇంటి అడుగున, సన్న తలుపు వెనక."

"అక్కా, గిది స్క్రిప్ట్‌లో లేదు" అన్నాడు తనీష్. గొంతులో మునుపటి ఊపు లేదు.

"కళ్లు తెరవకు నాన్నా. తెరిచినవాడినే ముందు చూస్తది."

అక్క కథ అలా పావుగంట సాగింది. మధుసూదన్ జరిగి తనీష్‌కి ఆనుకున్నాడు. తనీష్ వద్దనలేదు. కోదండరామ్ మాత్రం పెదవి బిగబట్టి లోపల్లోపల అంకెలు లెక్కపెడుతున్నాడు. ఇంకో నిమిషం. ఇంకో అర నిమిషం.

అక్క గొంతు ఇంకా తగ్గింది. "మీలో ఒకడికి అది ఎప్పుడొస్తదో తెలుసు. లెక్కపెడుతున్నాడు. అది ఎప్పుడూ అట్లాంటివాడి పక్కనే కూర్చుంటది."

కోదండరామ్ అంకె తప్పిపోయాడు.

టక్. గుప్!

జయమణి ఆంటీ మెట్లు దిగొచ్చి లైటు వేసేసరికి ముగ్గురూ ఒకే సోఫా చివర గుట్టపడి ఉన్నారు. "ఏవైందయ్యా? పైన ఆడవాళ్ల ప్రేయర్ మీటింగ్ జరుగుతోంది. మీ కేకలకి సగం ప్రార్థనలో ఆమెన్ చెప్పేశారు అందరూ!"

"ఎన్ని కేకలు విన్నారాంటీ?" కోదండరామ్ ఆత్రంగా అడిగాడు.

"మూడు. మూడోది మరీ చెవులు చిల్లులు పడేట్టుంది."

మూడోది ఎవరిదని ఎవరూ అడగలేదు. సినిమా మాత్రం పాస్. ఫర్నేస్ లెక్క దాచి గెలవడానికి మనసొప్పక కోదండరామ్ అది కూడా ఒప్పేసుకున్నాడు. ఒప్పుకున్నాక తనీష్ అతనివైపు చూసిన చూపు మాత్రం బాగోలేదు.

నవంబర్ నడిమిలో మొదటి మంచు పడింది. మొదటి వంతు తనీష్‌ది. మధుసూదన్ అప్పటికే ఎటోబికోలో షిఫ్టుకి వెళ్లిపోయాడు. కోదండరామ్ రైలుకి బయల్దేరి మెట్ల కిందికి వచ్చి చూస్తే తన కుడికాలి బూటు ఒంటరిగా ఉంది.

"నువ్వే కదరా?" అన్నాడు.

"రివెంజ్ మామా" తనీష్ పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "ఫర్నేస్ ఎనక పెట్టిన. పో, తెచ్చుకో."

కోదండరామ్ సన్న తలుపు వైపు చూశాడు. "నువ్వే తెచ్చిపెట్టు. నీ వంతు మంచు సగం నేను తీస్తా."

బేరం బాగుంది. తనీష్ ధీమాగా వెళ్లి తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాడు. లోపల టక్కుమంది.

రెండు నిమిషాల తర్వాత ఇద్దరూ డ్రైవ్‌వే మీద ఉన్నారు. ఒకడి చేతిలో పిడి వదులైన షవెల్, ఇంకొకడి చేతిలో చీపురు. కోదండరామ్ కుడికాలికి బూటు, ఎడమకాలికి హవాయి చెప్పు, దానిమీద ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు. మధుసూదన్ వచ్చేదాకా లోపలికి ఎవరూ వెళ్లేది లేదని, మాట అనుకోకుండానే ఇద్దరికీ ఒప్పందం కుదిరిపోయింది.

మొదటి మంచు కదా అని, నడుము దాకా పడేట్టు ఒక ఫోటో తీసి అక్కకి పంపాలనుకున్నాడు కోదండరామ్. తనీష్ మాత్రం నిలువెత్తు ఫోటో తీసిచ్చాడు. కోదండరామ్ అది చూసుకోకుండా పంపేశాడు.

అక్క దగ్గర్నుంచి క్షణంలో వచ్చింది జవాబు.

"ఎడమది ఏదిరా?"