డబ్బా మీది పేరు

నజ్‌నీన్ పగ ఐదేళ్లు అటక మీద ఉంది, పాత చున్నీలో చుట్టి. చుట్టిపెట్టింది తల్లి షహజాది బేగం. మరిచిపోనిది కూతురు.

అదొక స్టీలు డబ్బా. మేడ్చల్ స్టీలు కొట్లో కొన్ననాడే షహజాది బేగం దాని మీద పేరు కొట్టించింది: "షహజాది బేగం, అలియాబాద్." చుక్కచుక్కలుగా, చీమలబారులా ఉంటాయి అక్షరాలు. ఆమెకు చదువు రాదు. కానీ ఆ చుక్కల మీద వేలు పెట్టి తన పేరు తడుముకోవడం వచ్చు.

అప్పట్లో ఆమె కరీంనగర్ రోడ్డు మీది ఒక హోటల్లో బిర్యానీ వండేది. తొమ్మిదేళ్లు వండింది. పొద్దు వంగేవేళ బగోనె అడుగున అంటుకున్న మాడు గీకి డబ్బాలో వేసుకునేది. గిరాకీలకు పెట్టరు కాబట్టి దాన్ని పారేసేవాళ్లు. నజ్‌నీన్‌కు మాత్రం లోకంలో అంతకన్నా ఇష్టమైనది లేదు. శామీర్‌పేట బడి నుంచి నేరుగా వచ్చి హోటల్ వెనక గుమ్మం దగ్గర నిలబడేది, నేతికి ఎర్రబడి పళ్ల కింద కరకరలాడే ఆ మాడు కోసం.

2009 వానాకాలంలో ఒక సాయంత్రం, ఆ గుమ్మంలోనే, హోటల్ యజమాని ఫణిభూషణ్ డబ్బా పట్టుకున్నాడు.

"ఏంటి మోసుకెళ్తున్నావ్?"

"మాడు సార్. పారేసేదే."

"పారేయాలో వద్దో చెప్పేది నేను. ఈ డబ్బా కూడా హోటల్‌దేగా?"

"నాదే సార్! పేరున్నది, సదువుండ్రి."

"నీ పేరు చదువుకుంటూ కూర్చోడానికి నాకింకేం పని లేదనుకున్నావా?"

డబ్బా బోర్లించాడు. మాడు గచ్చు మీద పడింది. లోపల తింటున్నవాళ్లు తలలెత్తి చూశారు. "దొంగచేతి వంట ఇంక మాకొద్దు" అని వాళ్లందరికీ వినిపించేలా అన్నాడు.

హోటల్ల బేగం దొంగతనం జేసి దొరికిందట అని తెల్లారేసరికి ఊరంతా పాకింది. పక్కింటి గౌరయ్య కూడా ఆ మాటను నాలుగిళ్లకు మోశాడు. ఆనాటి నుంచి షహజాది బేగం కుట్టుమిషను ముందు కూర్చుంది. బిర్యానీ వండలేదు. బక్రీదుకు కూడా బగారా అన్నంతోనే సరిపెట్టింది.

పదో తరగతి చదివే నజ్‌నీన్ ఆరోజు గుమ్మం దగ్గరే ఉండి అంతా చూసింది. ఇంటికొచ్చాక మనసులో ఒట్టు పెట్టుకుంది: ఆ పేరు ఆ మనిషి నోటితోనే చదివించాలి, ఊరితో సహా.

బడి అయ్యాక మేడ్చల్‌లో ఒక ఫోటో స్టూడియోలో చేరింది. పెళ్లిళ్లకు వెళ్తే అందరి కెమెరాలూ పెళ్లికూతురి వైపు ఉండేవి, ఈమెది విస్తళ్ల వైపు తిరిగేది. స్టూడియో ఓనరు తిట్టాడు గాని, నాగారంలో ఒక బేకరీ ఆయన ఆ ఫోటోలు చూసి తన కేకులు తీయమన్నాడు. మెల్లగా స్టూడియో మానేసి సొంతంగా తిరగడం మొదలుపెట్టింది. భుజాన కెమెరా, చంకలో స్టాండు, సిటీ బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే ఆరోజు పండగే.

ఆ పనిలో ఆకలి కళ్లను మోసం చేయడం నేర్చుకుంది. కూర మెరవాలంటే గ్లిజరిన్ రాయాలి. ఆవిరి రావాలంటే గిన్నె వెనక వేడినీళ్లలో తడిపిన దూది దాచాలి. ఫోటోలో నోరూరించేది తీరా చూస్తే నోట్లో పెట్టుకోదగ్గది కాదు. అన్నిటికన్నా వెలుగు ముఖ్యం. ఎదురుగా పడితే స్టీలు మీద గీతలు కనపడవు. పక్క నుంచి పడితే గోటి గీరు కూడా లేచి నిలబడుతుంది. ఈ చివరిది నేర్చుకున్న రోజు ఆమెకు అటక మీది డబ్బా గుర్తొచ్చింది.

2014లో దసరాకు ముందు ఫోను మోగింది.

"ఫోటోలు తీసే అమ్మాయేనా? నాగారం బేకరీ వాళ్లు నీ నంబరిచ్చారు. హోటల్‌కి ఏసీలు పెట్టించాం. రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టాలి."

గొంతు గుర్తుపట్టింది. ఆయన ఈమె పేరు అడగలేదు. హోటల్‌కు వెళ్లాక కూడా అడగలేదు.

"రాగి హండీలో పెడదామా అమ్మాయ్?"

"అందరు గదే పెడతరు సార్. స్టీలు డబ్బాల పెడ్దాం. ఇంటి తిండి లెక్క కొడతది."

"ఇంటి రుచి! అదే రాయిద్దాం పైన. కానీ మా దగ్గరున్నవన్నీ సొట్టల డబ్బాలే."

"నా దగ్గర ఒకటున్నది."

కిటికీ పక్కన బల్ల వేసి, బిర్యానీ నింపిన డబ్బా పెట్టింది. సాయంత్రపు ఎండ పక్క నుంచి తాకింది. చుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. ఫణిభూషణ్ వెనకే నిలబడి కెమెరా తెరలోకి తొంగిచూస్తున్నాడు.

"ఆ ముక్క కొంచెం పైకి లాగు... ఆఁ, బ్రహ్మాండం!"

"మంచిగ సూడుండ్రి సార్. అచ్చయినంక మార్చరాదు."

"చూశానమ్మా, చూశాను. కానియ్."

ఆయన చూసింది ముక్కనే.

నలభై అడుగుల ఫ్లెక్సీ అలియాబాద్ మలుపు దగ్గర లేచింది. కెమెరా తెర మీద చీమలంత ఉన్న అక్షరాలు అక్కడ ఒక్కోటి మూరెడు ఉన్నాయి. పైన "ఇంటి రుచి", కింద "షహజాది బేగం, అలియాబాద్". చూసేవాళ్లకు వండిన మనిషి పేరు రాసినట్టే ఉంది. కాలనీల నుంచి కార్లలో వచ్చినవాళ్లు, లారీలాపి దిగినవాళ్లు ఒకటే అడుగుతున్నారు: "షహజాది బేగం బిర్యానీ ఏది?" పెట్టింది తిని, "ఇది ఆమె చేతి వంట అంటే నమ్మాలా?" అని మొహం మీదే అనిపోతున్నారు.

గౌరయ్య పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, రోడ్డు మీద నీ పేరు ఏనుగంత ఉన్నది!"

షహజాది బేగం కూతురి వైపు తిరిగింది. "ఏం జేసినవే?"

"ఏం జెయ్యలే అమ్మీ. డబ్బా తీస్కపోయిన, కడిగి తెచ్చిన."

నాలుగోనాడు ఫణిభూషణ్ కారు ఇంటి ముందు ఆగింది. గుమ్మంలో నజ్‌నీన్‌ను చూసి ఆయన నోరు తెరిచాడు.

"నువ్వు... ఆవిడ కూతురివా? ముందే చెప్పొచ్చుగా!"

"మీరు అడగలే."

"చూడమ్మా, అప్పుడేదో కోపంలో జరిగింది. జనం ఆవిడ వంటే కావాలంటున్నారు. రేపట్నుంచి రమ్మను."

నజ్‌నీన్ లోపలికెళ్లి డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మొదలు గిది సదువుండ్రి."

"రోజూ రోడ్డు మీద చూస్తూనే ఉన్నానుగా."

"సూసుడు గాదు సార్, సదువుండ్రి. అప్పుడు మీకు తీరలే గద."

గోడల మీంచి ఇరుగుపొరుగు తలలు లేచాయి. గౌరయ్యది అందరికన్నా ముందు. ఫణిభూషణ్ చెమట తుడుచుకున్నాడు.

"షహజాది బేగం."

"ఊరు?"

"అలియాబాద్."

"డబ్బా ఎవరిది?"

గోడ మీద ఎవరో దగ్గారు. ఫణిభూషణ్ డబ్బా తిరిగిస్తూ అన్నాడు, "ఆవిడదే."

తలుపు పరదా వెనక నుంచి షహజాది బేగం గొంతు వినిపించింది. "సదివిండు గద బేటీ. ఇగ పొమ్మను."

"మరి వంటకు?"

"దొంగచేతి వంట మీకెందుకు సార్?" పరదా వెనక నుంచే జవాబొచ్చింది.

మర్నాడే ఫ్లెక్సీ దిగిపోయింది. పాత సామాను కొట్టుకు వేశారని విని నజ్‌నీన్‌కు కాస్త వెలితిగా అనిపించింది. కానీ పల్లెలో ఫ్లెక్సీ ఊరికే పోదు. రోడ్డు పక్కన మక్కజొన్నలు ఆరబోసుకున్న గౌరయ్య, మబ్బు పట్టిందని దాన్ని కొనుక్కొచ్చి కుప్ప మీద కప్పాడు, బొమ్మ పైకి కనిపించేలా.

"బొమ్మ దిక్కు కిందికెయ్యరాదే, రంగు పోతది" అని ఎవరో అన్నారు.

"పేరు కిందికేసుడా? ఒక్కసారి జేసిన పాపం సాలదా?" అన్నాడు గౌరయ్య.

యాప్రాల్‌లోని ఇంటి నుంచి హోటల్‌కు రావాలంటే ఫణిభూషణ్‌కు అదొక్కటే దారి. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి. మక్కలింకా పచ్చిగానే ఉన్నాయి, ఆరడానికి చాలా రోజులు పడుతుంది. ఆయన కారు అద్దాలు పైకెత్తుకుని కుప్ప పక్కనుంచి పోవడం నజ్‌నీన్ కల్వర్టు మీద కూర్చుని తీరిగ్గా చూసింది. ఫోటో తీయలేదు. కొన్ని కళ్లతో చూసుకోవడానికే బాగుంటాయి.

ఇల్లు చేరేసరికి ఐదేళ్లుగా మరిచిపోయిన వాసన గుమ్మంలోనే ఎదురొచ్చింది. పొయ్యి మీద బగోనె, పక్కన మూత తీసిన డబ్బా.

"అమ్మీ, మంట తగ్గియ్యి! అడుగంటుతాంది!"

షహజాది బేగం పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.

"అంటనియ్."