నాలుగో డబ్బా టీ

చింతామణి నుంచి చేళూరు మీదుగా వచ్చిన బస్సు దిగి, పైనుంచి రేకుపెట్టె దింపించుకుని, ఆ మనిషి తిన్నగా తన హోటలు వైపే నడిచి రావడం చూసి పుట్టమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడింది. ఏదో అంటగట్టడానికి వచ్చేవాళ్ల నవ్వు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. ఇతను ఇరవై అడుగుల దూరం నుంచే నవ్వుతున్నాడు.

బాగేపల్లిలో హైదరాబాదు రోడ్డు పక్కన ఆమె, భర్త లక్ష్మణప్ప కలిసి ఆ హోటలు పెట్టి ఆరేళ్లయింది. ఊరివాళ్లకు కాఫీ, లారీలవాళ్లకు టీ. ముందటేడు ఇలాగే నవ్వుతూ వచ్చినవాడొకడు రంగు పూసిన ఉలవపొట్టు కలిపిన టీ పొడి ఇచ్చి పోయాడు. ఒక లారీ డ్రైవరు రెండు గుక్కలు తాగి, గ్లాసు ఆమె ఎదురుగానే మట్టిలో ఒంపి, ఒక్క మాటైనా అనకుండా బండెక్కాడు. తిట్టి పోయినా ఆమె మరిచిపోయేదేమో.

"నా పేరు వెంకటరామప్పమ్మా. నీలగిరి టీ తోటల్లో పద్నాలుగేండ్లు చేస్తి. ఇప్పుడు చింతామణిలో ఆకు తెప్పించి, నేనే వాసనలు కలిపి అమ్ముతాండాను. తాగి చూడండి, నచ్చితేనే తీసుకోండి."

"ఊరికే తాగిస్తావా?"

"ఊరికేనమ్మా."

ఊరికే అనడం ఆమెకు అసలు నచ్చలేదు. లక్ష్మణప్ప పాలకని గూళూరు దాకా వెళ్లాడు. అతను వచ్చేదాకా ఆగమందామనుకుంది కానీ, పెట్టెలో ఏముందో చూడాలన్న ఆశ ఆమెను నిలవనీయలేదు. నాలుగు డబ్బాలు. పొడి కాదు, చుట్టలు చుట్టుకున్న నల్లటి ఆకు. ముందుగా చన్నీళ్ల గ్లాసుల్లో ఒక్కో డబ్బాలోది చిటికెడు వేసింది. రంగు పూసిన సరుకైతే వెంటనే నీళ్లు ఎర్రబడతాయి. ఎంతసేపు చూసినా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. రంగు లేకపోతే ఇంకేదో ఉంటుంది అనుకుంటూనే వేరే నాలుగు గ్లాసుల్లో ఆకు వేసి మరిగే నీళ్లు పోసింది.

"పాలు పొయ్యొద్దమ్మా, మొదట ఉత్తదే తాగండి," అన్నాడతను.

పాలు లేని టీ జ్వరమొచ్చినవాళ్లకు కదా అనుకుంటూ మొదటి గ్లాసు తీసుకుంది. యాలకులు. పెదవికి తగలకముందే వాసన ముఖమంతా కమ్ముకుంది. బాగుంది, కానీ ఆ మాట అనలేదు. రెండోది శొంఠి, గొంతులో సన్నగా మండి, కడుపులోకి వెచ్చగా దిగింది. మూడోది నిమ్మగడ్డి. వాన వెలిశాక గట్టు మీది గడ్డి కోసినట్టుగా ఉంది. తనకు తెలియకుండానే మరో గుక్క తాగి, గ్లాసు గబుక్కున కింద పెట్టింది.

ఇంతసేపూ వెంకటరామప్ప తాను ఒక్క గుక్క తాగలేదు. పైగా ఆమె తాగుతున్నప్పుడల్లా ముందుకు వంగి ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. పుట్టమ్మ కొంగు సర్దుకుంది. ఏమిటీ మనిషి?

"ఇది చూడండమ్మా, గులాబి రేకులు కలిపిండేది. అన్నిట్లోకీ ఇదే గొప్ప," అని నాలుగో గ్లాసు అందించాడు.

ఆమె దాన్ని నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. గులాబి వెనకాల కిరసనాయిలు వాసన. మళ్లీ వాసన చూసింది. అనుమానం లేదు, కిరసనాయిలే.

గ్లాసు అతని ముందుకు తోసింది. "నువ్వు తాగప్పా ముందు."

అతను సంతోషంగా తాగాడు. "ఆహా, పువ్వు వాసన కడుపులోకి దిగుతాండాది!"

"ఏమిటికప్పా ఈ అబద్ధాలు? కిరసనాయిలు గబ్బు కొడతాండాది!"

వెంకటరామప్ప నవ్వు ఆగిపోయింది. డబ్బా మూత తీసి ముక్కు లోపలికంటా పెట్టి పీల్చాడు. ఎత్తిన తల మళ్లీ దించుకున్నాడు.

"బస్సు పైన ఎవరో కిరసనాయిలు డబ్బా పెట్టినారమ్మా. అది కారి దీనికి తగిలుంటాది. నాకు తెలీలేదు. నాకు వాసన రాదు. నాలుగేండ్ల కింద జ్వరమొచ్చె. జ్వరం పోయె, దాంతోనే వాసనా పోయె."

పుట్టమ్మ ఇదీ నమ్మలేదు. లోపలికి వెళ్లి, ఇంగువ ముక్క నలిపి పిడికిట్లో దాచుకుని వచ్చి, కళ్లు మూసుకోమని అతని ముక్కు కింద పెట్టింది.

"ఏమిటిది చెప్పు."

"ఏమోనమ్మా."

అతని ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు. పుట్టమ్మకే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇంగువ ఘాటుకో మరి దేనికో.

"శొంఠి ఒకటే తెలుస్తాది, మండుతాది కాబట్టి. మిగతావి తోటలో నేర్చిన కొలత పట్టి కలుపుతాండా. తాగేవాళ్ల మొగాలు చూసి, సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకుంటాండా."

"మీ ఇంటామెకి తెలుసునా?"

"చౌడమ్మకా? చెప్పలేదు. చెప్తే ఈ పని మానుకోమంటాది."

నాలుగో డబ్బా రోడ్డవతల పారబోయించి, యాలకులదీ నిమ్మగడ్డిదీ తీసుకుంది పుట్టమ్మ. లారీలవాళ్లు రెండో గ్లాసు అడగడం మొదలైంది. ఆ తర్వాత ప్రతి సంతనాడూ వెంకటరామప్ప వచ్చేవాడు. ఆమె తాగి చెప్పేది. బాగుంది, బాగాలేదు అంటే అతను ఊరుకునేవాడు కాదు. "ఎట్లుండాది చెప్పమ్మా" అని వేధించేవాడు. ఆమె వెతుక్కుని వెతుక్కుని, "కొత్త చాప విప్పినట్లుండాది" అనో, "ఉడికిన శెనక్కాయల కుండ మూత తీసినట్లుండాది" అనో అనేది. అతను కళ్లు మూసుకుని ఆ మాటలు వినేవాడు.

అయిదో సంతనాడు అతని వెనకాల ఒకామె కూడా బస్సు దిగింది. హోటల్లోకి వచ్చి, పుట్టమ్మను తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసింది.

"నువ్వేనా పుట్టమ్మంటే? పుట్టమ్మ ఇట్లన్నాది, పుట్టమ్మ అట్లన్నాది అని ఇంట్లో ఒకటే పాట. నేను చేసిండే వంట గురించి ఏ పొద్దూ ఒక మాట అన్లేదే ఈయన!"

పుట్టమ్మ వెంకటరామప్ప వైపు చూసింది. అతను నేల చూశాడు.

"నువ్వే చెప్పప్పా. నేను చెప్పను," అంది పుట్టమ్మ.

అతను బెంచీ మీద కూర్చుని చెప్పాడు.

"నాలుగేండ్లు," అంది చౌడమ్మ. "మాడిపోయిన పప్పుసారు పెట్టినా బాగుండాదంటివే! నా మొగుడు ఎంత మంచోడని ఊరంతా చెప్పుకుంటినే!"

పుట్టమ్మకు నవ్వు ఆగలేదు. వెంకటరామప్ప భయంభయంగా తలెత్తాడు. చౌడమ్మ నవ్వలేదు, ఏడవలేదు. పెట్టె తన వైపు లాక్కుని, మొదటి డబ్బా మూత తీసి వాసన చూసింది.

"యాలకులు తక్కువైనాయి," అంది.

పుట్టమ్మ ఆమె పక్కన కూర్చుని డబ్బాలోకి వంగింది. "నాకూ అట్లే అనిపిస్తాండాది," అంది.