ముల్లు చూపని వేగం

లింగం పంచరైన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ లేస్తాయా అని చూస్తుండగా షాపు ముందు తెల్లకారు వచ్చి ఆగింది. తల ఎత్తకుండానే అది ఎవరి బండో తెలిసిపోయింది. హారన్ అలా పొట్టిగా రెండుసార్లు కొట్టేది ముత్యమొక్కడే.

"జర జల్దీ చెయ్యాలె తమ్మీ. మధ్యాన్నం దాటంగనే ఊరికి బయలెల్లాలె" అంటూ ముత్యం వెనక తలుపు ఎత్తాడు. లోపల నాలుగు చక్రాలు. పాతవే గాని మెరుస్తున్నాయి. కారుకున్న వాటికంటే పెద్దవి. "మంది ఎక్కితే బండి కడుపు రోడ్డుకు రాసుకుంటున్నది. గివి ఎక్కించు, ఎత్తయితది."

లింగం తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని జాకీ అందుకున్నాడు. యాభై దాటిన మనిషి. వీపు వంగింది. గోళ్ళ సందుల్లో ఎంత తోమినా పోని నలుపు. లింబాయత్‌లో సాంచాల, అంటే మరమగ్గాల, రొదలో బతుకంతా నిలబడి బట్ట నేయడంతో చెవులు సగం పోయాయి. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. మాస్కులొచ్చాక ఆ ఆధారమూ పోయింది.

సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ఇద్దరూ ఒకే రైల్లో సూరత్ వచ్చారు, ఒకే షెడ్డులో చేరారు. కొత్త సాంచాలు ముత్యానికి దక్కేవి, గడియకోసారి దారం తెగేవి లింగానికి. కిందటేడు లాక్‌డౌన్‌లో షెడ్డు మూతపడితే లింగం ఖటోదరాలోని ఈ టైర్ల షాపులో కుదిరాడు. ముత్యం పాత కారు కొని మనుషుల్ని ఊళ్ళకు చేరవేయడం మొదలుపెట్టాడు. ఈ ఎండాకాలం రోగం మళ్ళీ విరుచుకుపడ్డాక వాళ్ళుండే వడోద్‌లో ఎవరికి ఆపదొచ్చినా ముందు ముత్యానికే ఫోను.

అసలు లింగం పెళ్ళాం మంగ సంబంధం కూడా మొదట ముత్యానికే అనుకున్నారు. ముత్యం మేనమామ కూతురు. ఏదో మాటపట్టింపుతో తప్పిపోతే ఆ ఏడే లింగానికిచ్చి చేశారు. ముత్యం ఆ సంగతి మరిచిపోయాడు. మంగ ఏనాడూ ఎత్తలేదు. లింగం ఒక్కడే దాన్ని పంటికింద రాయిలా పెట్టుకుని తిరుగుతున్నాడు.

చివరి నట్టు బిగించి లేచాడు. ఇక్కడ గిరాకీకి ఒక మాట చెప్పాలి. షాపు సేఠ్ నేర్పిందే. స్పీడు మీటరు లెక్కపెట్టేది చక్రం తిరిగిన చుట్లను. ఆ చక్రం ఎంత పెద్దదో దానికి తెలియదు. చక్రం పెద్దదైతే చుట్టు చుట్టుకూ బండి ఎక్కువ దూరం పోతుంది. ముల్లు డెబ్బై మీదున్నప్పుడు బండి ఎనభైకి దగ్గర పడుతుంటుంది. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ లింగం ఈ మాట చెప్పే పంపాడు.

ముత్యం నాలుగడుగులు వెనక్కి వేసి, మాస్కు గడ్డం కిందికి లాగి, కారును తృప్తిగా చూసుకున్నాడు. "ఇప్పుడు మొగోని లెక్క నిలబడ్డది బండి."

లింగం నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. తోవలో స్పీడుకు పోలీసోడు పట్టుకుంటే ముత్యానికే తెలుస్తది అనుకున్నాడు. అంతకుమించి ఏమీ అనుకోలేదని తనకు తాను చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం సద్ది విప్పి పచ్చిపులుసు కలుపుకుంటుంటే మంగ ఫోను చేసింది. లింగం దాన్ని మంచి చెవికి అదుముకున్నాడు.

"అమ్మకు దమ్ము ఆడుతలేదట. దవాఖానల ఏసిన్రట. ముత్యం బావ బండి మన దిక్కే పోతున్నది. పద్మారాణక్క గూడ వస్తున్నది. నేను పోతున్న."

"నన్నొక మాట అడగవా?"

"గందుకే గదా ఫోన్ చేసిన" అని పెట్టేసింది.

లింగం చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అత్త పోశమ్మ ముఖం కళ్ళ ముందుకు వచ్చింది. వెంటనే చీకటి పడ్డ హైవే, ఆ పెద్ద చక్రాలు, వాటి మీద మంగ. డబ్బా మూత కూడా పెట్టకుండా లేచి రోడ్డెక్కి వడోద్ వైపు పోయే షేరు ఆటో ఆపాడు.

అతను చేరేసరికి ముత్యం కారు పైన మూటలు కడుతున్నాడు. మంగ చీరకొంగు నిండుగా కప్పుకుని వెనక సీటులో ముత్యం భార్య పద్మారాణి పక్కన కూర్చుంది.

"అన్నా, గా మీటర్ నమ్మకు" అన్నాడు లింగం వగరుస్తూ. "చక్రాలు పెద్దగయినయ్. ముల్లు డెబ్బై అంటే బండి ఎనభై దాకా పోతుంటది. తక్కువ సూపిస్తది."

ముత్యం తాడు ముడివేస్తూ తిరిగి చూశాడు. "పొద్దుగాల గంటసేపు నీ ముంగటనే ఉంటి గదా. అప్పుడెందుకు చెప్పకపోతివి?"

మాస్కు పైన మంగ కళ్ళు లింగం మీదే ఆగాయి. చాలాసేపు ఆగాయి. కావాలనే చెప్పలేదని ఆమెకు అర్థమైందని అతనికి తెలిసింది.

"పోనీ, ఇప్పుడన్న చెప్పినవ్" అన్నాడు ముత్యం. "పద్మకు కండ్లు సరిగ ఆనయ్. మంగా, నువ్వు ముందటికి రా. నేను రోడ్డు సూస్కుంట పోత, ముల్లు అరవై దాటితె నువ్వు నాకు చెప్పుకుంట రావాలె."

మంగ దిగి ముందు సీటులో, ముత్యం పక్కన కూర్చుంది. లింగం ఆ తలుపు తనే వేశాడు.

"హ్యాండ్ బ్రేక్ ఆగుతలేదు. ఎనక ఇటుక తియ్యి తమ్మీ."

లింగం వంగి, వెనక చక్రం కింది ఇటుకను లాగి పక్కన పడేశాడు. కారు కదిలి మలుపు తిరిగింది.

అతనింకా అక్కడే నిలబడి ఉండగా బామ్మర్ది దశరథం ఫోను చేశాడు. "అమ్మ పోయింది బావా. అక్కకు నేను చెప్పలేను. నువ్వే చెప్పు" అన్నాడు.

ఇప్పుడు చెబితే ఆమె ఏడుపు ముత్యం పక్కన. ఆమెను ఓదార్చేది ముత్యం. చెప్పకపోతే, లేని మనిషి కోసం రాత్రంతా ఉరుకులు. లింగం మంగ నంబరు నొక్కాడు.

"యాభై అయిదు, బావా" అంటున్న ఆమె గొంతు గాలిలో వినిపించింది. తర్వాత, "ఏంది, చెప్పు."

"బావను మెల్లగ పొమ్మను మంగా" అన్నాడు. "ఇగ తొందర లేదు."

అటువైపు గాలి రొద ఒక్కటే వచ్చింది. "ఏమైంది మంగా?" అని ముత్యం అడుగుతున్నాడు. ఇంజను చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోవడం లింగం సగం చెవికి కూడా వినిపించింది.

వాళ్ళు కాసేపు ఆగి మళ్ళీ ఊరివైపే పోయారు. లింగం ఫోను జేబులో పెట్టుకుని ఆటో కోసం నడిచాడు. గల్లీ పక్కన ఇటుక పడి ఉంది, ఒక అంచు చితికి, దాని మీద పెద్ద టైరు గాట్ల నల్లటి అచ్చుతో.