ఆఖరి రీలు వేయని బొమ్మ

సినిమా వేసే మిషన్‌లో రెండు కార్బన్ కడ్డీల మధ్య వెలుగు నిలిచేదాకా ఎల్లేశం నల్లద్దంలోంచి చూస్తూ మర తిప్పుతూనే ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనే. ఇవాళ మాత్రం చూపు మాటిమాటికీ కిందికి పోతోంది. బల్ల కింద, కాలికి తగిలేటట్టు, తుప్పు పట్టిన రేకు డబ్బా ఒకటి ఉంది. మూత మీద అతని చేతిరాతే: 'ఆఖరిది'.

సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సుల్లేవు, బడుల్లేవు, హైదరాబాదు నుంచి కోరుట్లకు కొత్త బొమ్మ వచ్చే దారీ లేదు. టాకీసు ఓనరు విసిగి, "మూలకున్న ఇంగ్లీషు బొమ్మ ఎయ్యి, ఊకె ఉండుడెందుకు" అన్నాడు. తెచ్చిన కంపెనీ ఎత్తిపోయాక ఇక్కడే ఉండిపోయిన పాత ప్రింటు అది.

రాబోయే కాలంలో ఏదో పట్నం కథ. జనం ఎక్కువై మెట్ల మీద పడుకుంటారు. నీళ్లకు లైను, సర్కారు పంచే బిస్కెట్లకు లైను. ఒక ముసలాయన విసిగిపోయి పెద్ద భవనంలోకి నడిచి, అక్కడి మంచం మీద పడుకుంటాడు. ఎదురుగా తెర మీద పచ్చటి చేలు, వాగులు, మేకల మందలు చూపిస్తారు. ఆయన కళ్లనీళ్లతో నవ్వుతాడు. కోరుట్ల జనానికి బొమ్మ అక్కడితో సరి. ఆయన ఆ మంచం మీదే చనిపోతాడని, అట్లాంటి శవాలను పిండి చేసి సర్కారు ఆ బిస్కెట్లు తయారుచేస్తోందని చెప్పేది ఆఖరి రీలు. ప్రింటు వచ్చిన రాత్రి పరీక్షకు వేసుకుని దాన్ని చూసింది ఎల్లేశం ఒక్కడే.

ఇరవై ఆరేళ్ల కింద, మొదటి రోజు, మెట్‌పల్లి ఆఖరి బస్సు పోతుందని జనం గోల చేస్తే ఆ రీలు వేయలేదు. మర్నాడు వేద్దామని మూత తీశాడు. అప్పుడే గేటు దగ్గర టికెట్లు చింపే ఫజలుద్దీన్ మెట్లెక్కి వచ్చాడు. "గా ముసలాయనకు ఎంత ఇజ్జత్ ఇచ్చిండ్రు వారీ! పండుకోవెట్టి, మంచి మంచియి సూపిచ్చి, ఇంటికి తోలిచ్చిండ్రు" అన్నాడు. అప్పట్లో ఫజలుద్దీన్ తండ్రి జబ్బుతో మంచంలో ఉన్నాడు. ఎల్లేశం మూత పెట్టేశాడు. మళ్లీ తీయలేదు.

ఆ రోజుల్లో కుటుంబ నియంత్రణ వాళ్లు ఊళ్ల నుంచి జనాన్ని ట్రాక్టర్లలో తెచ్చి టికెట్ లేకుండా ఈ బొమ్మ ఉత్తగానే చూపించారు. చూసినవాళ్లు ఊరుకుంటారా! బీడీలు చుట్టే రాజమణి మూతి విరిచింది: "ఒక్క అర్రల పదకొండు మందిమి పంటున్నం. గిది సూసెతందుకు టాకీసుకు రావాల్నా?" సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి వచ్చిన జలపతి, "మనుషులు ఎక్కువైండ్రా, పనులు తక్కువైనయా? గదొక్కటి చెప్పలే" అన్నాడు. గొల్లపల్లి బుచ్చవ్వ అయితే నియంత్రణ వాళ్లను గేటు దగ్గరే నిలేసింది. "పిల్లల్ని కనద్దంటిరి, మంచిగనే ఉన్నది. మరి ముసలోళ్లనేం జేత్తరట?"

"ఫికర్ చెయ్యకు అవ్వా. ఆయన ఇంటికి పోయిండు" అన్నాడు ఫజలుద్దీన్.

ఆనాటి నుంచి అడిగినవాళ్లందరికీ అతనిదే జవాబు.

ఇవాళ పొద్దున టార్చి తుడుచుకుంటూ ఆ ఫజలుద్దీనే అన్నాడు. "రేపు కరీంనగర్ల గుండె ఆపరేషన్. జీపు మాట్లాడిన. ఇయ్యాలన్న బొమ్మ పూరా ఎయ్యి ఎల్లేశం. ఆయన మంచం మీదినుంచి ఎట్ల లేసిండో సూసి పోత."

అప్పటినుంచి ఎల్లేశం ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. వేస్తే ఆ మనిషి ధైర్యాన్ని చేజేతులా నరికినట్టు. వేయకపోతే ఇన్నేళ్ల దోస్తును చివరి రోజు కూడా మోసం చేసినట్టు. అయ్యో, ఆ మొదటి రోజే వేసి పారేస్తే పీడ పోయేది కదా!

తెర మీద చేలు మొదలయ్యాయి. అతను డబ్బా మూత తీశాడు. రీలును రెండో మిషన్‌కు ఎక్కించి, పళ్ల చక్రాల మీదుగా ఫిల్మును దారి పట్టించాడు. ఇక మీట లాగడమే. గోడలోని కంతలోంచి కిందికి చూశాడు. వెనక వరసలో ఫజలుద్దీన్ ముందుకు వంగి కూర్చున్నాడు. పచ్చటి వెలుగు అతని తెల్ల గడ్డం మీద పడుతోంది. ఒక చెయ్యి ఛాతీ మీద ఉంది.

ఎల్లేశం మీట లాగలేదు. హాల్లో లైట్లు వేశాడు.

"ఓ ఆపరేటర్! బస్సులే లేవు, ఎవలకు తొందర? బొమ్మ పూరా ఎయ్యి!" జనం ఈలలేశారు, కుర్చీలు గుద్దారు.

"రీలు ఖరాబైంది!" అని కంతలోంచి అరిచాడు.

గోల సద్దుమణిగాక మెట్ల మీద అడుగులు వినిపించాయి. మెట్టుకొకసారి ఆగుతూ ఫజలుద్దీన్ పైకొచ్చాడు. రెండో మిషన్ మీద ఎక్కించి ఉన్న రీలును చూశాడు. ఎల్లేశం తలొంచుకున్నాడు.

"భాయ్, అది..."

"నాకెర్కే. బొమ్మ తెచ్చిన కంపెనీ మనిషి మొదటి వారమే చెప్పిండు, గా బిస్కెట్ల సంగతి."

"మరి గిన్నేండ్లు..."

"నాకోసం దాపెడుతున్నవని సమజైంది. ఊరందరికి గట్లనే చెప్పిన. ఇయ్యాల ఎందుకడిగిన్నంటే, పానం జర బుగులువడ్డది. ఇప్పుడు సుత నన్ను కాపాడుతవా లేదా సూద్దామని." నవ్వి, మిషన్ తట్టాడు. "నువ్వు కోసిందే మంచి బొమ్మ రా. ఎవలన్న నన్నడిగితే, నేను సుత ఇంటికి పోయిన్నని చెప్పు."

టార్చి అక్కడే పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఐదో నాడు అతని భార్య లతీఫున్నీసా ఫోన్ చేసింది. "ఎల్లేశం భయ్యా, ఆపరేషన్ అయినంక మళ్ల కండ్లు తెరువలే" అంది. ఎల్లేశం ఏడ్చాడు, ముఖం కడుక్కున్నాడు, మ్యాట్నీకి గేటు దగ్గర తానే నిలబడి టికెట్లు చింపాడు.

"ఫజల్ భాయ్ ఏడి? కనవడుతలేడు" అని అడిగింది రాజమణి.

"ఇంటికి పోయిండు."

పైన మిషన్ గదిలో, మళ్లీ మూత బిగించిన ఆఖరి రీలు డబ్బా మీద, ఫజలుద్దీన్ పెట్టిపోయిన టార్చి అట్లాగే ఉంది.