దున్న గట్టిది

మా మనవరాలు అమల తయారుచేస్తున్న వీడియో ఆటలో నేను చచ్చినన్నిసార్లు ఇంకెవరూ చచ్చి ఉండరు. అందుకు పెద్ద నేర్పేమీ అవసరం కాలేదు. కుర్చీలో కూర్చుని, అక్షరాలు కూడబలుక్కుని, తీరిగ్గా చచ్చేవాణ్ని.

మాది మాదన్నపేట. కింద బర్రెల కొట్టం, పైన మేము. అమల పగలంతా ఆఫీసులో ఎవరి ఆటలకో బొమ్మలు గీస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి మేడమీది గదిలో సొంత ఆట పని పెట్టుకుంటుంది. శ్రవణ్‌కుమార్ అనే స్నేహితుడు ఆమెకు జోడీ. కథ, బొమ్మలు, ఎవరి బలం ఎంత అన్నది ఆమె చూస్తుంది. వాటిని కంప్యూటర్‌కు అర్థమయ్యేటట్టు రాసేది అతను.

ఆట జపాన్‌వాళ్ల పద్ధతిలో ఉంటుందట. ఇటు మనవాళ్లు ముగ్గురు వరసగా నిలబడతారు: కత్తి పట్టిన పిల్లవాడు, విల్లు పట్టిన ముసలామె, మందులిచ్చే పిల్ల. అటు శత్రువు. మన వంతు రాగానే కొట్టాలా, కాచుకోవాలా, మందు ఇవ్వాలా అని తెర అడుగుతుంది. మనం చెప్పేదాకా శత్రువు కదలడు. టీ తాగి రావచ్చు, ఒక కునుకు తీయవచ్చు, వాడు అట్లాగే నిలబడి ఉంటాడు. మా గల్లీలో లొల్లి ఎన్నడూ ఇంత మర్యాదగా జరగలేదు. అక్కడ అందరూ ఒకేసారి కొట్టుకుంటారు, ఎవరు ఎవరిని కొట్టారో తర్వాత కనుక్కుంటారు.

ఒక సాయంత్రం ఉస్మాన్‌గంజ్ నుంచి తెచ్చిన దాణా సంచి దించి మెట్లమీద కూర్చున్నాను. పైన ఇద్దరూ గట్టిగా వాదించుకుంటున్నారు.

“మొన్న మన ఆట ఆడిన పోరగాళ్లందరు ఆ దున్నతోని లడాయి దగ్గరికి రాంగనే ఇడిచిపెట్టి పోయిన్రు అమలా,” అంటున్నాడు శ్రవణ్‌కుమార్. “వంతులు తీసేద్దాం యార్. బటన్ కొడ్తుంటె కత్తి తిరుగుతనే ఉండాలె. ఎవనికుంది గింత ఓపిక?”

“వంతులు తీసేస్తె ఇగ అది నా ఆట ఎట్లయితది? మనిషి జెర ఆలోచన చేసుకోనీకి జాగా ఉండాలనే గద నేను షురూ చేసింది!”

“సరే, ఒక్కనిని చూపియ్యి. గేమంటె ఏందో తెల్వనోడు, మనమేం చెప్పకుంట దున్నను ఓడగొట్టాలె. ఆదివారం దాక టైమ్. ఓడగొడితె వంతులు ఉంటయ్, నేను నోరెత్త. లేకుంటె తీసేసుడే.”

“ఖాయమా?”

“ఖాయం.”

వంటింట్లోంచి నా భార్య సత్తెమ్మ కేకేసింది. “ఏం తెల్వని మనిషే గావాల్నంటె బయటికెందుకు పోతరు బిడ్డా? ఇంట్లనే ఉన్నడు గద.”

ఈ వయసులో నాకు ఉద్యోగం దొరకడం అట్లా జరిగింది.

మరునాడు అమల నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో ఆ బటన్ల డబ్బా పెట్టి కిందికి వెళ్లిపోబోయింది. నేను ఆమె వంక చూశాను.

“నేను ఎనక నిలవడ తాతా. నిలవడితె నువ్వు నాకోసం ఆడుతవ్. నీకోసం ఆడితెనే నాకు తెలుస్తది ఏం బాగుంది, ఏం బాగలేదని.”

ఆటల పనిలో అది పద్ధతి అట. నాకు మంచిదే అనిపించింది. నా అవస్థ ఎవరూ చూడరు.

మొదట తోడేళ్లు వచ్చాయి. కొట్టాను. నడిచే పుట్టగొడుగులు వచ్చాయి. అవి ఏం పాపం చేశాయో తెలియకపోయినా కొట్టాను. ప్రతిసారీ తెర మీద నా మనుషులు చేతులెత్తి గెంతారు. చూసేవాళ్లు లేరు కదా అని నేనూ కొంచెం ఛాతీ విరిచాను. మూడో తరగతితో బడి మానేసినవాడికి ఇంత విద్య ఎక్కడిదని నాకే ఆశ్చర్యమేసింది.

తర్వాత దున్న వచ్చింది.

కొండ సందులో దారికి అడ్డంగా నిలబడి ఉంది. మెడలో గవ్వల పట్టెడ, నల్లగా నిగనిగలాడే వీపు, వెనక్కి మెలి తిరిగిన కొమ్ములు. ఆ కొమ్ములు నాకు తెలుసు. మా కొట్టంలో ఉన్న రాజువే. అమల కొన్నాళ్ల కింద దాని ముందు స్టూలు వేసుకుని ఏదో గీసింది. సదర్ పండుగకని వాడిని పెంచుతున్నాము. దీపావళి వెళ్లాక ఒంటికి నూనె రుద్ది, గుడిమల్కాపూర్ నుంచి దండలు తెచ్చి వేసి, డప్పులతో వీధిలోకి తీసుకుపోతాము. దున్న మీద కర్ర ఎత్తినవాడికి మా ఇంట్లో ఆ పూట అన్నం పెట్టరు. మా నాయన కాలం నుంచి అదే నడుస్తోంది.

తెర అడిగింది: కొట్టాలా, కాచుకోవాలా, మందు ఇవ్వాలా?

నేను కాచుకున్నాను. దున్న వచ్చి కుమ్మింది. మళ్లీ కాచుకున్నాను. మళ్లీ కుమ్మింది. కొంతసేపటికి దానికే అలసట వస్తుందేమోనని చూశాను. రాలేదు. మందు ఎవరికి ఇవ్వాలని అడిగినప్పుడు నా మనుషుల పేర్లతోపాటు దున్న పేరు కూడా కనబడింది. దానికి ఇచ్చి చూశాను. మనసు మెత్తబడుతుందని నా ఆలోచన. అది ఇంకా ఉషారుగా వచ్చి ముగ్గురినీ పడగొట్టింది.

అమల పైకి వచ్చింది. “ఎట్లుంది తాతా?”

“దున్న గట్టిది,” అన్నాను.

అంతే అన్నాను. బొమ్మను చూసి చెయ్యి రాలేదని చెప్పుకోవాలంటే సిగ్గేసింది. కంప్యూటర్ ఆఫీసులో పనిచేసే పిల్లకు ఈ మాట చెబితే నవ్వుతుంది. పైగా నేను నోరు తెరిచి మాట వెతుక్కునేసరికి ఎదుటివాళ్లు చెప్పులేసుకుని వెళ్లిపోతుంటారు. సత్తెమ్మ అయితే అందరికీ చెబుతుంది: “పెండ్లిచూపులల్ల గుడ గీయన ఒక్కటే మాటన్నడు. ‘మంచిగుంది’ అన్నడు. అది నన్నా, చాయనా, నాకింకా తెల్వదు.”

అమల మాత్రం నా మాటను చాలా పెద్దగా తీసుకుంది. ఆడేవాడు గట్టిది అన్నాడంటే గట్టిదే. ఆ రోజే దున్న ప్రాణంలో సగం తగ్గించింది.

మరునాడు మళ్లీ చచ్చాను. “ఎట్లుంది?” “గట్టిదే.” ఇంకా తగ్గించింది. దాని దెబ్బ కూడా తగ్గించింది. దాంతో నేను చావడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది, అంతే. కాచుకోవడం, దున్నకు మందు పోయడం, చివరికి సంచిలో మందు అయిపోవడం. ఆ వారంలో దానికి నేను పట్టించిన మందు మా బర్రెలన్నిటికీ ఏడాదికి సరిపోతుంది. పాపం అమల ఆఫీసు నుంచి వచ్చి, అన్నం కూడా సరిగ్గా తినకుండా, ఎక్కడ తప్పు పోయిందోనని తల పట్టుకుని కూర్చునేది. తప్పు ఆటలో లేదు, కుర్చీలో ఉంది. కుర్చీ నోరు విప్పలేదు.

ఆదివారం పొద్దున శ్రవణ్‌కుమార్ వచ్చాడు. నన్ను కూర్చోబెట్టే ముందు తను ఒకసారి ఆడి చూస్తానన్నాడు. కత్తి పిల్లవాడితో ఒక్క దెబ్బ వేశాడు. దున్న పడిపోయింది.

శ్రవణ్‌కుమార్ డబ్బా కింద పెట్టి అమల వైపు తిరిగాడు. “ఏంది గిది? ఇది దున్ననా, దూది మూటనా? గెలువనీకి గింత మోసమా అమలా?”

“మోసం గాదు!” అమల ముఖం ఎర్రబడింది. “తాత దినాం సస్తుండు. నీ తోడు. గిట్ల చేసినంక గుడ నిన్న చచ్చిండు.”

“దీంతోని చావాల్నంటె కష్టపడాలె.”

ఇద్దరూ నా వంక చూశారు. అటు గోడ, ఇటు సత్తెమ్మ. తప్పించుకునే దారి లేదు.

“తాతా, మా ముంగటనే ఒక్కసారి ఆడు,” అంది అమల.

ఆడాను. కాచుకున్నాను. దున్న మెల్లగా, దురద పుట్టినట్టు, ఒకసారి కుమ్మింది. మళ్లీ కాచుకున్నాను. తర్వాత మందు తీసి అలవాటు ప్రకారం దున్నకు ఇచ్చాను.

“తాతా! మందు దున్నకు ఇస్తున్నవ్!” అని అరిచాడు శ్రవణ్‌కుమార్.

“ఎర్కే,” అన్నాను.

అమల నా పక్కకు వచ్చి నిలబడింది.

“అంటె... గిన్ని దినాలు దాన్ని ఒక్కసారన్న కొట్టలేదా?” అంది అమల.

“మనం దున్నను కొట్టం గద బిడ్డా.”

శ్రవణ్‌కుమార్ పడీ పడీ నవ్వాడు. సత్తెమ్మ నవ్వలేదు. “కొడితె ఇయ్యాల అన్నం పెట్టకపోదును,” అంది, నన్ను మెచ్చుకున్నట్టో తిట్టినట్టో.

“తాతా, అది బొమ్మ,” అంది అమల.

“బొమ్మనే. కొమ్ములు రాజుగానివి.”

అమల తెరమీది కొమ్ముల వంక చూసింది. కొట్టంలో స్టూలు వేసుకుని గీసింది ఆమే కదా. నా మీద కేకలేస్తుందనుకున్నాను. వేసి ఉంటే బాగుండేది. నా చేతిలోంచి డబ్బా మెల్లగా తీసుకుంది. “పోనియ్ తాతా. నీది తప్పు గాదు. శ్రవణ్, నువ్వే గెలిచినవ్. రేపటి సంది వంతులు తీసేద్దాం.”

ఆ మాట ఆమె ఏడుస్తూ అనలేదు. లెక్క ఒప్పజెప్పినట్టు అంది. ఆమెకు కావలసిన ఆ ఒక్క ఆటను, ఒక్క మాట చెప్పడానికి సిగ్గుపడి, వారం రోజులు కూర్చుని నేనే చంపాను. దున్న నయం, వంతు వచ్చినప్పుడే కుమ్మింది.

“మొదటి బలం పెట్టు,” అన్నాను.

“ఏంది?”

“దున్నకు. నువ్వు తీసింది మల్ల పెట్టు. నేను ఆడత.”

“వద్దు తాతా, నీకు మనసు రాదు...”

“పెట్టు.”

ఆమె శ్రవణ్‌కుమార్ వైపు చూసింది. అతను గడియారం చూసుకుని, “సరే, కానియ్. కని లెక్కంటె లెక్కే. ఓడితె తీసేసుడే,” అన్నాడు.

అమల పాత బలం పెట్టి, డబ్బా నా చేతికిచ్చింది. దున్న మళ్లీ కొండ సందులో నిలబడింది. ఇప్పుడు నిజంగా దున్నలాగే ఉంది. తెర అడిగింది. నేను చాలాసేపు చూశాను. శ్రవణ్‌కుమార్ కాలు ఊపడం మొదలుపెట్టాడు. కొట్టు అన్నదాన్ని నొక్కి, “తప్పయింది రాజా,” అన్నాను. మనసులో అనుకున్నాననుకున్నాను, బయటికే అన్నానట. గది అంతా వినబడింది.

దున్న తిరిగి కుమ్మింది. అబ్బ, ఏం దెబ్బ. ఇన్నాళ్లూ పోసిన మందుకు కొంచెమన్నా మొహమాటపడలేదు. ముసలామె ప్రాణం సగానికి పడిపోయింది.

ఆలోచించాను. ముసలామెను కాచుకోమని, పిల్లవాణ్ని కొట్టమన్నాను. మళ్లీ వంతు వచ్చింది. మళ్లీ ఆలోచించాను. శ్రవణ్‌కుమార్ కాలు ఊపడం ఎప్పుడు ఆపాడో నేను చూడలేదు. చూసేసరికి కుర్చీ ఈడ్చుకుని నా పక్కన ఉన్నాడు.

“తాతా, ఇప్పుడు కొట్టకు. అది తల దించింది చూడు, ఇప్పుడు గట్టిగ కుమ్ముతది. అందరిని కాచుకోమను.”

“నువ్వేం చెప్పొద్దు గద,” అంది అమల వెనకనుంచి.

“నేనేం చెప్తలేను!”

సత్తెమ్మ చాయ తెచ్చి, కప్పులు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. “ఏమయ్యా, గా మందుల పిల్లకు ముందు మందు పొయ్యి! అది సస్తె ఇగ మందు ఎవరు పోస్తరు?”

“ఆగవే,” అన్నాను.

“ఆగుడేంది, నీ జిందగీ అంత ఆగుడే!”

మందు పిల్లకు పోశాను. దున్న నా పిల్లవాణ్ని పడగొట్టింది. శ్రవణ్‌కుమార్ “అరె అరె అరె” అంటూ లేచి నిలబడ్డాడు. చాయ మీద మీగడ కట్టింది. దున్న ప్రాణం చూపించే ఎర్ర గీత సన్నబడుతూ సన్నబడుతూ గోటి మందమైంది. మందుల పిల్ల కూడా పడిపోయి, ముసలామె ఒక్కతే నిలబడి ఉంది. కొట్టాలా, కాచుకోవాలా? కాచుకుంటే ఒక దెబ్బ తట్టుకుంటుంది. కొడితే ఇప్పుడే తేలిపోతుంది.

కొట్టమన్నాను. బాణం వెళ్లింది. ఎర్ర గీత వెంట్రుక మందం మిగిలింది.

దున్న తల ఎత్తి, తీరిగ్గా వచ్చి, ముసలామెను కుమ్మింది.

నేను డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. వారమంతా కొట్టకుండా చచ్చాను, ఇవాళ కొట్టి కూడా చచ్చాను. ఈ విద్యలో నాకు లోటు లేదు. అమల కిటికీ దగ్గరికి వెళ్లి బయటికి చూస్తూ నిలబడింది. “ఓడినం,” అంది మెల్లగా. “లెక్కంటె లెక్కే.”

“అరె, ఒక్క దెబ్బ!” శ్రవణ్‌కుమార్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. “ఒక్కటే దెబ్బ తాతా! గా మందు ముసలామెకు పోసి ఉంటె అయిపోతుండె. మల్ల పెట్టు అమలా. జల్ది పెట్టు, మల్ల మొదటిసంది.”

అమల వెనక్కి తిరిగింది. “ఎవరికి లేదన్నవ్ ఓపిక?”

“ఏందీ?”

“పొద్దటిసంది గీ ఒక్క లడాయే చూస్తున్నవ్. ఫోన్ గుడ తియ్యలే.”

శ్రవణ్‌కుమార్ జేబు తడుముకున్నాడు. ఫోను అందులోనే ఉంది. తీయలేదు. నా వంక, ఆమె వంక చూసి, చివరికి తెర వంక చూశాడు.

“వంతులు ఉండనియ్,” అన్నాడు. “కని దున్నకు మందు ఇచ్చేది తీసేస్త. తాత ఉన్నంతసేపు అది డేంజర్.”

అమల కిటికీ దగ్గరనుంచి కదిలింది. వచ్చి ఏదో నొక్కింది. కొండ సందులో దున్న మళ్లీ లేచి నిలబడింది, నిన్నా మొన్నా ఏమీ జరగనట్టు. శ్రవణ్‌కుమార్ వాళ్లమ్మకు ఫోన్ చేసి అన్నానికి రావట్లేదని చెప్పాడు. అతని చేయి మెల్లగా నా ఒళ్లోని డబ్బా మీదికి వచ్చింది.

నేను ఇవ్వలేదు.